చిప్ ముందా, టీకా ముందా? సెలవులకు కుక్కతో విదేశాలకు వెళ్లినవారు చెప్పండి

బొగ్గు వాళ్ల అమ్మ | సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మీ చర్చలు ఏడాదిగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాకు ఆరేళ్ల నల్ల లాబ్రడార్ ఉంది, పేరు బొగ్గు. జూలైలో మూడు వారాలు ఫ్రాన్స్‌లో గడపాలని అనుకుంటున్నాం. దాన్ని కూడా తీసుకెళ్లాలని ఉంది. రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాం, ఈసారి మార్చిలో వేయించాం. చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ కూడా మార్చిలోనే పెట్టించాం. మేము ఉండే దేశం యూరప్ వాళ్లు రక్తపరీక్ష అడగని దేశాల జాబితాలో లేదట, అందుకని ఆ పరీక్ష కూడా కావాలని విమాన సంస్థ వాళ్లు చెప్పారు. ఇప్పుడు ఏప్రిల్ చివరికి వచ్చాం. రెండు నెలల పైనే సమయం ఉంది కదా, సరిపోతుందా? ఏ కాగితంతో మొదలు పెట్టాలి?

తీరిక మనిషి | సోమవారం, ఉదయం 9:42

అనవసరంగా భయపడుతున్నారు. మేము రెండుసార్లు వెళ్లాం. ఒకసారి కాగితాలు చూడనే లేదు, రెండోసారి పైపైన చూసి పంపేశారు. టీకా పుస్తకం, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం ఉంటే చాలు.

కాగితాల పులి | సోమవారం, ఉదయం 10:05

మీరు ఏ దేశం నుంచి ఏ దేశానికి వెళ్లారో చెప్పకుండా చాలంటే ఎలా అండీ? యూరప్ లోపల ఒక దేశం నుంచి పక్క దేశానికి కారులో వెళ్లడం వేరు, బయటి నుంచి రావడం వేరు. బొగ్గు వాళ్ల అమ్మ గారూ, రెండు తేదీలు చెప్పండి. టీకా ఏ రోజు వేశారు? చిప్ ఏ రోజు పెట్టారు? "మార్చిలో" అంటే కుదరదు, తేదీలు కావాలి.

బొగ్గు వాళ్ల అమ్మ | సోమవారం, ఉదయం 10:31

పుస్తకం తీసి చూశాను. టీకా మార్చి 4న. సీసా మీది స్టిక్కరు అంటించి ఉంది, బ్యాచి సంఖ్య, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. చిప్ మార్చి 7న. ఆ రోజు క్లినిక్‌లో చిప్‌లు అయిపోయాయి, మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. తేడా ఏమైనా ఉంటుందా?

కాగితాల పులి | సోమవారం, ఉదయం 10:33

అయ్యో.

కుక్కల డాక్టరు | సోమవారం, మధ్యాహ్నం 1:20

తేడా ఉంటుంది. చెప్పడానికి నాకే కష్టంగా ఉంది. యూరోపియన్ యూనియన్ లెక్క ప్రకారం చిప్ పెట్టిన రోజునగానీ ఆ తర్వాతగానీ వేసిన టీకాయే చెల్లుతుంది. చిప్ కంటే ముందు వేసినది కుక్క ఒంట్లో బాగానే పని చేస్తుంది, కాగితం మీద మాత్రం లేనట్టే లెక్క. వాళ్ల వాదన కూడా అర్థం చేసుకోదగినదే. "నల్ల లాబ్రడార్, మగది, ఆరేళ్లు" అని రాసిన పుస్తకాలు ఎన్ని ఉంటాయో ఊహించండి. ఆ టీకా ఈ కుక్కకే పడిందని చెప్పగలిగేది చిప్‌లోని 15 అంకెల సంఖ్య ఒక్కటే. డాక్టరు ముందు స్కానర్‌తో సంఖ్య చదవాలి, తర్వాత సూది వేయాలి.

కాబట్టి బొగ్గుకు మళ్లీ టీకా వేయించాలి. దాన్ని మొదటి టీకాగానే లెక్కిస్తారు. వేసిన రోజు నుంచి కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయాలి. ఆ రక్తం యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ప్రయోగశాలకు వెళ్లాలి. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ యాంటీబాడీలు ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు గడిచాకే ప్రవేశం. ఈ వారమే టీకా వేయించినా ఆగస్టు చివర వరకు కుదరదు. జూలై సంగతి మరిచిపోండి.

తీరిక మనిషి | సోమవారం, మధ్యాహ్నం 1:48

మూడు రోజుల తేడా! ఆ డాక్టరునే అడిగి చిప్ తేదీని మార్చి 4 చేయించుకుంటే సరి. ఎవరికి తెలుస్తుంది?

కుక్కల డాక్టరు | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఆ మాట నాతో అన్నవారిని నేను మర్యాదగా బయటికి పంపిస్తాను. చిప్ సంఖ్యను నమోదు చేసిన తేదీ డేటాబేస్‌లో ఉంటుంది, పుస్తకంలో కొట్టివేతలు కనబడతాయి, అసలు ఆ కాగితం మీద ఉండేది నా సంతకం. పట్టుబడితే కుక్కను వెనక్కి పంపుతారు, లేదా యజమాని ఖర్చుతో క్వారంటైన్‌లో ఉంచుతారు. రెండూ కుదరకపోతే చంపేసే అధికారం కూడా చట్టంలో ఉంది. మూడు రోజులను దాచిపెట్టడానికి ఇంత పందెమా?

నడిచే గడియారం | సోమవారం, సాయంత్రం 5:02

తప్పుడు కాగితాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2015లో నటుడు జానీ డెప్, అంబర్ హర్డ్ దంపతులు తమ రెండు యార్క్‌షైర్ టెర్రియర్లను ప్రైవేటు విమానంలో ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు, ప్రవేశ పత్రంలో వాటి మాట రాయలేదు. అప్పటి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్, కుక్కలు గడువులోగా దేశం దాటకపోతే చంపేస్తామని బహిరంగంగానే చెప్పారు. అవి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది ఆమె కోర్టులో తప్పు ఒప్పుకున్నారు, ఇద్దరూ క్షమాపణ వీడియో చేశారు. సొంత విమానం ఉన్నవారికే తప్పలేదు.

బొగ్గు వాళ్ల అమ్మ | సోమవారం, రాత్రి 9:17

తేదీ మార్పించే ఉద్దేశం నాకు లేదు. కానీ ఒక్కటి అర్థం కావడం లేదు. రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయని తేలాక మళ్లీ మూడు నెలలు ఎందుకు ఆగాలి? రుజువైపోయింది కదా. ఇంకొకటి, ముందు టీకాకు రెండు నెలలైనా నిండలేదు. మళ్లీ వేస్తే దానికి ప్రమాదం లేదా?

కుక్కల డాక్టరు | సోమవారం, రాత్రి 10:40

రెండోది తేలిక. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు సాధారణంగా ఇబ్బంది రాదు. ఒకటి రెండు రోజులు సూది వేసిన చోట నొప్పి ఉండవచ్చు. మునుపెప్పుడైనా టీకాకు ముఖం వాచడం, వాంతులు కావడం జరిగి ఉంటే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి.

మొదటిది మంచి ప్రశ్న. రక్తపరీక్ష టీకా పని చేసిందని మాత్రమే చెబుతుంది. టీకాకు ముందే రేబిస్ ఉన్న జంతువు కరిచి ఉంటే? వైరస్ గాయం దగ్గర నుంచి నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు బయటపడటానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. అప్పటివరకు కుక్క తింటుంది, ఆడుతుంది, పరీక్షలో అంకె కూడా బాగుంటుంది. మూడు నెలలు ఆగి చూస్తే అలాంటి కుక్క చాలావరకు బయటపడిపోతుంది. జపాన్ లాంటి రేబిస్ లేని దేశాలు ఇంకా భయపడతాయి, వాళ్లు 180 రోజులు ఆగమంటారు.

సముద్రం అవతల | మంగళవారం, ఉదయం 7:25

జపాన్ సంగతి నన్ను అడగండి. చిప్, దాని తర్వాత కనీసం 30 రోజుల ఎడంతో రెండు రేబిస్ టీకాలు, రక్తపరీక్ష, రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు, దిగడానికి 40 రోజుల ముందే అక్కడి జంతు క్వారంటైన్ కార్యాలయానికి సమాచారం. సెలవుల ఆలోచన ఒక ఏడాది చేస్తే ప్రయాణం మరుసటి ఏడాది చేశాం. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి, అన్నీ సరిగ్గా ఉంటే అక్కడ 12 గంటలలోపే వదిలేస్తారు. మాకు గంటన్నరలో పని అయిపోయింది. సరిగ్గా లేకపోతే మిగిలిన రోజులన్నీ వాళ్ల గదిలోనే, గరిష్ఠంగా 180 రోజులు.

చిట్టి పంజా | మంగళవారం, ఉదయం 8:03

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా కుక్కపిల్లకు నాలుగు నెలలు. వచ్చే నెల అమెరికా తీసుకెళ్లవచ్చా?

కాగితాల పులి | మంగళవారం, ఉదయం 8:20

కుదరదండీ. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగు పెట్టే ఏ కుక్కకైనా కనీసం ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ఆన్‌లైన్ ఫారం నింపి రసీదు తీసుకోవాలి. రేబిస్ ముప్పు ఎక్కువ అని వాళ్లు గుర్తించిన దేశాల నుంచి వస్తే ఇంకా చాలా ఉంటాయి, దిగే విమానాశ్రయాలు కూడా కొన్నే. పిల్లను ఎదగనివ్వండి, కొత్త చర్చ మొదలుపెడితే వివరంగా రాస్తాను.

ఇంటి పట్టు | మంగళవారం, ఉదయం 11:36

అందరూ ఎలా తీసుకెళ్లాలో చెబుతున్నారు, నేను తీసుకెళ్లవద్దని చెబుతాను. మూడు వారాల సెలవు కోసం సూదులు, రక్తం, పది గంటలు విమానం అడుగున చీకటి. సెలవు మనకే గానీ దానికి కాదు. తెలిసినవాళ్ల ఇంట్లో వదలండి, హాయిగా ఉంటుంది.

బొగ్గు వాళ్ల అమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 12:50

ఆ మాట నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. రెండేళ్ల కిందట పది రోజులు మా అత్తయ్య దగ్గర వదిలాం. ఆమెకు అదంటే ప్రాణం. అయినా నాలుగు రోజులు గుమ్మం దగ్గర నుంచి లేవలేదట, ముందు కాళ్లు పుళ్లు పడేదాకా నాకింది. మేము తిరిగి వచ్చాక నెల రోజులు నేను స్నానానికి వెళ్లినా తలుపు బయటే పడుకునేది. అందుకే ఈ తంటాలన్నీ.

కుక్కల డాక్టరు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇంటి పట్టు గారి మాట చాలా కుక్కల విషయంలో నిజం. ముసలివి, గుండె జబ్బు ఉన్నవి, శబ్దానికి బెదిరేవి, పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కువి ఇంట్లో ఉండటమే మేలు. పొట్టి ముక్కు జాతులకు వేడిలో ఊపిరి అందదు, చాలా విమాన సంస్థలు వాటిని సామాను అరలో ఎక్కించుకోవు కూడా. బొగ్గు కథ వేరు. అయితే ప్రయాణంలో నిద్రమందు ఇవ్వమని మాత్రం అడగకండి. మత్తులో ఉన్న కుక్క తూలుతుంది, రక్తపోటు పడిపోతుంది, ఏమైనా జరిగితే చూసే మనిషి అక్కడ ఉండడు. మందు ఇచ్చారని తెలిస్తే చాలా సంస్థలు విమానంలోకి తీసుకోవు.

తిరుగు టపా | మంగళవారం, రాత్రి 8:44

అందరూ వెళ్లడం గురించే మాట్లాడుతున్నారు. రావడం సంగతి? నా అనుభవం రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

మేము వెళ్లేటప్పుడు ఒక్క కాగితం తప్పలేదు. ఫైలులో రంగు రంగుల అట్టలు పెట్టి, అధికారి మెచ్చుకునేలా తయారు చేసుకున్నాం. రెండు వారాలు హాయిగా గడిచాయి. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు మా ఆవిడ అడిగింది, "మనం తిరిగి వెళ్లడానికి దీనికి ఏమీ అక్కర్లేదా?" మన ఇంటికి మనం వెళ్లడానికి ఏమి కావాలి అన్నాను. అప్పుడు మా దేశపు నిబంధనలు తెరిచి చూశాం. బయలుదేరే దేశపు ప్రభుత్వ పశువైద్యుడు ముద్ర వేసిన ఆరోగ్య పత్రం ఉండాలి, అదీ ప్రయాణానికి ముందు కొన్ని రోజులలోపు ఇచ్చినదే. ముందస్తు అనుమతి కూడా కావాలి. ఆ రోజు శుక్రవారం సాయంత్రం. ఊళ్లో డాక్టరు దొరికాడు, మంచివాడు, కుక్కను చూసి సంతకం చేశాడు. ప్రభుత్వ ముద్ర వేసే కార్యాలయం మాత్రం జిల్లా కేంద్రంలో ఉంది, సోమవారం గాని తెరవరు. మా విమానం ఆదివారం.

ఆవిడ, పిల్లలు ఆదివారం వెళ్లిపోయారు. నేను, కుక్క మిగిలాం. సోమవారం ఆ కార్యాలయం మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. లోపలి ఉద్యోగిని కాగితం చూసి, డాక్టరు నల్ల సిరాతో సంతకం చేశాడు, అచ్చు కూడా నలుపే, ఇది నకలు కాదని ఎలా నమ్మాలి అంది. మళ్లీ ఊరికి వెళ్లి నీలం సిరాతో సంతకం చేయించుకుని, మళ్లీ వచ్చి, ముద్ర వేయించుకునేసరికి బుధవారం. కుక్క ఒక్కటే ఆ సెలవుల పొడిగింపును ఆనందించింది.

మీరు బయలుదేరే ముందే తిరుగు ప్రయాణపు కాగితాలు ఎవరు ఇస్తారో, వాళ్లు ఏ రోజుల్లో పని చేస్తారో రాసి పెట్టుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నీలం పెన్నుకు "బుధవారం పెన్ను" అని పేరు.

కాగితాల పులి | మంగళవారం, రాత్రి 9:15

ఆ ఉద్యోగిని చాదస్తం కాదది. యూరప్ ధ్రువపత్రాల నమూనాలోనే ఉంటుంది, సంతకం రంగు అచ్చు రంగుకు భిన్నంగా ఉండాలని. వర్తించని వాక్యాలను కొట్టివేయాలి, ఆ కొట్టివేత పక్కన కూడా పొట్టి సంతకం, ముద్ర ఉండాలి. ఎక్కువ మంది డాక్టర్లు ఇక్కడే మరిచిపోతారు.

బొగ్గు వాళ్ల అమ్మ గారికి ఇంకో రెండు. ఆరోగ్య ధ్రువపత్రం యూరప్‌లో అడుగు పెట్టడానికి ముందు పది రోజులలోపు ఇచ్చినది కావాలి, దాని మీద మీ దేశపు ప్రభుత్వ అధికారి ధ్రువీకరణ ఉండాలి. మీ విమానం నేరుగా పారిస్‌కా, మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారాలా? మారేటట్టయితే కుక్క యూరప్‌లో మొదట అడుగు పెట్టేది జర్మనీలో. పత్రం నమూనా ఆ దేశపు భాషలో ఉండాలి. ఇది చూసుకోకుండా ఫ్రెంచి నమూనా నింపించుకుని జర్మనీలో దిగినవాళ్లు నాకు తెలుసు. ఇంకొకటి, కుక్క, మీరు ఒకే విమానంలో వెళ్లలేకపోతే మీ ఇద్దరి ప్రయాణాల మధ్య ఐదు రోజులకు మించకూడదు. మించితే అది పెంపుడు కుక్క ప్రయాణం కాదు, వ్యాపార సరుకు.

ఉత్తరపు గాలి | బుధవారం, ఉదయం 6:50

ఫ్రాన్స్‌కు అక్కర్లేదు గానీ ఎవరైనా ఫిన్లాండ్, ఐర్లాండ్, మాల్టా, నార్వే, బ్రిటన్ వైపు వెళ్తుంటే బద్దెపురుగు మందు మరిచిపోకండి. డాక్టరే మింగించాలి, తేదీతో పాటు గంట కూడా రాయాలి. ప్రవేశానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు వరకు మధ్యలో వేసినదే చెల్లుతుంది. నేను తెలివిగా వ్యవహరిస్తున్నానని, ఓడ ఎక్కే హడావిడి ఉండకూడదని, 116 గంటల లెక్కకు వేయించాను. తుపాను వచ్చి ఓడ ఆరు గంటలు ఆలస్యమైంది. 122. రేవులో మళ్లీ డాక్టరు, మళ్లీ మాత్ర, మళ్లీ 24 గంటల ఎదురుచూపు. రెండు రోజుల ముందు వేయించండి, ఇటు అటు సర్దుకుంటుంది.

డెన్మార్క్‌కు వెళ్లేవారు జాతుల జాబితా కూడా చూసుకోండి. 2010 నుంచి అక్కడ 13 జాతుల మీద నిషేధం ఉంది. మీ కుక్క ఎంత సాధువైనా వాళ్లకు అనవసరం.

నడిచే గడియారం | బుధవారం, ఉదయం 7:30

ఫ్రాన్స్ దక్షిణం వైపు వెళ్తుంటే కాగితాల్లో లేనిది ఒకటి ఉంది. మధ్యధరా తీరంలో ఇసుక ఈగలు లీష్మానియా వ్యాధిని అంటిస్తాయి. ఎవరూ ధ్రువపత్రం అడగరు, ఆ ఈగలను తరిమే పట్టీ కుక్క మెడకు ఉందా అని చూడరు. డాక్టరును మీరే అడగాలి. పొద్దు గూకాక కుక్కను ఆరుబయట పడుకోనివ్వకండి.

బొగ్గు వాళ్ల అమ్మ | గురువారం, సాయంత్రం 6:12

నిన్న ఏప్రిల్ 29న క్లినిక్‌కు వెళ్లాం. మీరు చెప్పినట్టే ముందు చిప్ చదవమని అడిగాను. డాక్టరు మెడ వెనక స్కానర్ తిప్పారు, ఏమీ లేదు. మళ్లీ తిప్పారు, లేదు. నాకు చెమటలు పట్టాయి. కుడి భుజం కిందికి వచ్చేసరికి కూత వినిపించింది. చిప్ అక్కడికి జారిందట. తెర మీది సంఖ్యను నేను పైకి చదువుతుంటే మావారు పుస్తకంలోది చూస్తున్నారు. పదకొండో అంకె దగ్గర ఆగిపోయారు. చిప్‌లో 74, పుస్తకంలో 47! చేతిరాతలో తారుమారు చేశారు. చిప్ కంపెనీ స్టిక్కరు మీద మాత్రం సరిగ్గా ఉంది. కొత్త పుస్తకం రాసి ఇచ్చారు, స్టిక్కరు అంటించారు, సంఖ్య చదివాకే టీకా వేశారు. జూలై టికెట్లు సెప్టెంబరు మూడో వారానికి మార్చుకున్నాం.

తీరిక మనిషి గారూ, మీరు చెప్పినట్టు తేదీ దిద్దించి వెళ్లి ఉంటే ఈ 47 దగ్గర దొరికిపోయేవాళ్లం.

తీరిక మనిషి | గురువారం, సాయంత్రం 7:40

ఒప్పుకుంటున్నాను. మా కుక్క పుస్తకం ఇప్పుడే తీశాను. చిప్ సంఖ్య పద్నాలుగు అంకెలే ఉంది.

కాగితాల పులి | గురువారం, సాయంత్రం 7:41

మీరు రెండుసార్లు వెళ్లి వచ్చారు!

కుక్కల డాక్టరు | గురువారం, రాత్రి 9:05

బొగ్గు వాళ్ల అమ్మ గారూ, జూన్ మొదటి వారంలో రక్తం తీయించండి. మరీ ఆలస్యం చేయకండి, మొదట్లో యాంటీబాడీలు బాగా ఉంటాయి. గొట్టం మీద, ఫారం మీద, ఫలితం మీద అదే చిప్ సంఖ్య ఉందో లేదో మీరే చూడండి. ఒక్కసారి నెగ్గితే, ఆ తర్వాత బూస్టర్ గడువు ఒక్క రోజు కూడా దాటనివ్వకపోతే, మళ్లీ వెళ్లేటప్పుడు ఈ పరీక్ష యూరప్ వాళ్లు అడగరు. గడువు దాటితే మాత్రం కథ మొదటికే వస్తుంది.

ఈలోపు బోను తెచ్చుకోండి. పొడవు ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు, దానికి కాలి ఎత్తులో సగం కలపండి. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు. లోపల నిలబడితే చెవులు పైకప్పుకు తగలకూడదు. ప్రయాణం రోజున మొదటిసారి అందులోకి తోయకండి. ఇప్పటినుంచే తలుపు తీసి ఇంట్లో పెట్టండి.

బొగ్గు వాళ్ల అమ్మ | జూన్ 24, ఉదయం 8:15

ఫలితం వచ్చింది, 4.1. జూన్ 3న రక్తం తీశారు, కాబట్టి సెప్టెంబరు 3 దాటితే చాలు. 15 అంకెలూ మూడుసార్లు చదివాం, సరిపోయాయి. తిరుగు టపా గారి మాట విని, ఫ్రాన్స్‌లో ముద్ర వేసే కార్యాలయం పనివేళలు కూడా కనుక్కున్నాం. ఇంట్లో నీలం పెన్నులు నాలుగు ఉన్నాయి.

బోనుతో మాత్రం చిక్కు వచ్చి పడింది. మొదటి వారం వాసన చూసి పారిపోయింది. రెండో వారం మావారి పాత చొక్కా వేశాను. ఇప్పుడు రాత్రి పగలు అందులోనే ఉంటోంది, నడకకు పిలిచినా బయటికి రావడం లేదు. ఏమి చేయమంటారు?

ఇంటి పట్టు | జూన్ 24, ఉదయం 8:32

చొక్కా తీసేయండి.